పరీక్ష రాయని మా 34 మంది

పోస్టు కొంచెం పొడుగు. టైం ఉన్నప్పుడే చదవండి, కానీ ఆఖరుదాకా చదవండి. ఆఖర్లో మీతో పని ఉంది.

ఈ మార్చితో మేం బడి నుంచి బయటకొచ్చి ఐదేళ్ళు. మేం అంటే పెదబయలు మండలంలో ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో 2020లో పది చదివిన 34 మందిమి. "పది పాసయ్యాం" అని చెప్పుకుంటాం గానీ పరీక్ష రాయలేదు. వీడ్కోలు పార్టీ జరగలేదు. గ్రూపు ఫొటో లేదు. రిపబ్లిక్ డే నాడు ధింసాకి వరస కట్టినప్పుడు ఒక మేడం ఫోన్లో తీసిన ఫొటో ఒక్కటే ఉంది, అందులో కూడా వెనకున్న తొమ్మిది మంది మొహాలు కనబడవు. టైపు చేస్తున్నది హాస్టల్ గదిలో ఒకరే, కానీ రాసేముందు పదకొండు మందితో ఫోన్లో మాట్లాడాం, ఒకళ్ళు మర్చిపోయింది ఇంకొకళ్ళు చెప్పారు. అందుకే "మేము" అని రాస్తున్నాం.

ఆరో తరగతిలో చేరింది 2015 జూన్‌లో. ఒకటే వాన. ఒక చేత్తో ట్రంకు పెట్టె, ఇంకో చేత్తో నాన్న చెయ్యి. అప్పుడు మాది విశాఖపట్నం జిల్లా. అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4 నుంచి. అందుకే మా స్టడీ సర్టిఫికెట్లలో ఒక జిల్లా ఉంటుంది, తర్వాత తీసుకున్న కాగితాల్లో ఇంకో జిల్లా ఉంటుంది. ఏ అప్లికేషన్ నింపినా "ఏ జిల్లా రాశావే?" అని ఒకరికొకరం ఫోన్ చేసుకుంటాం. మా బ్యాచ్ ఇప్పటికీ విడిపోకుండా ఉండడానికి సగం కారణం అదేనేమో.

34 మందిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు సగం కూడా లేరు. కొందరిది కువి, కొందరిది ఆదివాసీ ఒడియా. ఆరోలో చేరిన మొదటి నెల అంతా ఎవరి భాషవాళ్ళు వాళ్ళ మూల పడుకునేవాళ్ళం. వార్డెన్ మేడం తెలుగులో ఏదైనా చెప్తే, తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి గుసగుసగా చెప్పేవారు. ఆ గుసగుసకి ఇంకో దెబ్బ. మమ్మల్ని కలిపింది పాఠాలు కాదు, వంటమ్మ. ఆవిడకి మూడు భాషలూ వచ్చు. గంటె పట్టుకుని వరసలో నిలబడ్డ ఒక్కొక్కరితో వాళ్ళ భాషలోనే "ఇంకొంచెం పెట్టనా" అని అడిగేది. ఆవిడ అడిగింది విని విని మేం కూడా పక్కవాళ్ళ భాషలో "చాలు", "ఇంకా కావాలి" నేర్చుకున్నాం. తర్వాత తిట్లు నేర్చుకున్నాం. తిట్లు వచ్చాక స్నేహం దానంతటదే వచ్చేసింది. దసరా సెలవులకి ఇంటికెళ్ళేసరికి ఒడియా అమ్మాయి కువిలో తిడుతోంది, కువి అమ్మాయి ఒడియాలో పాట పాడుతోంది.

హాస్టల్ గురించి బయటివాళ్ళు అడిగితే ఏం చెప్పాలో తెలీదు. కష్టం అంటే కష్టమే. డిసెంబరు, జనవరిలో మన దగ్గర చలి మీకు చెప్పక్కర్లేదు. ఐదింటికి లేచి నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు మనవి కావు. పొగమంచులో వరస కట్టి, ముందున్నవాళ్ళ జడ వెనకున్నవాళ్ళం వేసేవాళ్ళం. అందరికంటే వెనకున్నదానికి ఎవరూ వెయ్యరు, అది మళ్ళీ ముందుకి రావాలి. రోజూ ఆ చివరి చోటు కోసం కాదు, చివర పడకుండా ఉండడం కోసం పోట్లాట. ఆదివారం తలలు దువ్వుకోవడం, బట్టలు ఉతకడం, చికెన్. చికెన్ రోజు ఎవరికీ ఒంట్లో బాగోకపోవడం అనేది ఉండదు.

సంత రోజు మాత్రం క్లాసులో ఎవరి మనసూ ఉండేది కాదు. అమ్మో నాన్నో సంతకి దిగి, సరుకు అమ్ముకుని, మధ్యాహ్నానికి గేటు దగ్గరకొచ్చేవారు. కాలాన్ని బట్టి వాళ్ళ చేతిలో ఉన్నది మారేది. చిలగడదుంపలు, సీతాఫలాలు, పనస తొనలు. గేటు దగ్గరకి ఎవరూ రాని అమ్మాయి ఎవరో మా అందరికీ తెలుసు. ఆ సాయంత్రం దాని పళ్ళెంలోనే అన్నిటికంటే ఎక్కువ ఉండేది. ఎవరూ చెప్పి పెట్టింది కాదు, అలా జరిగేది.

ప్రతి ఏడూ కొందరు వెళ్ళిపోయే భయం కూడా ఉండేది. నవంబరు నుంచి కాఫీ పళ్ళు కొయ్యాలి, సంక్రాంతి దాటాక పసుపు తవ్వాలి, ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి. మార్చి వస్తే చింతపండు. ఇంట్లో చేతులు చాలవు. "నాలుగు రోజులు పంపండి మేడం" అని తీసుకెళ్ళిన పిల్ల నాలుగు వారాలకి వచ్చేది. ఆరోలో 41 మందిమి, పదికి వచ్చేసరికి 34. ఆ ఏడుగురు ఎప్పుడు తగ్గారో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. మాట్లాడిన పదకొండు మందిలో ఒక్కరికీ ఆ ఏడుగురి పేర్లూ పూర్తిగా గుర్తు రాలేదు, అందరివీ కలిపితే ఆరు పేర్లొచ్చాయి.

పదిలో స్టడీ అవర్ రాత్రి పది దాకా. కరెంటు పోతే కొవ్వొత్తి, ఒక్కో కొవ్వొత్తికి ఐదుగురు. లెక్కల్లో ఫస్టు వచ్చే అమ్మాయి ఒకత్తి ఉండేది. మేడం బోర్డు మీద లెక్క మొదలుపెట్టి వెనక్కి తిరిగేసరికి దీని నోట్సులో జవాబు ఉండేది. అదే కొవ్వొత్తి చుట్టూ కూర్చున్న మిగతా నలుగురికీ నేర్పేది. నేర్పేటప్పుడు మాత్రం చాలా విసుక్కునేది.

వీడ్కోలు పార్టీకి మనిషికి 30 రూపాయలు వేసుకున్నాం. 1,020 రూపాయలు లీడర్ ట్రంకు పెట్టెలో, చీర మడతల మధ్య. పార్టీకి ఎవరెవరు ఎవరి చీర కట్టుకోవాలో కూడా రాసుకున్నాం. పరీక్షలు మార్చి 23 నుంచి అన్నారు, స్థానిక ఎన్నికల వల్ల 31కి మార్చారు. వారం కలిసొచ్చింది అని సంబరపడ్డాం. 19 నుంచి బడులు మూసేస్తున్నారని కింది తరగతులవాళ్ళని పంపేశారు. మాకు పరీక్షలు ఉంటాయి కాబట్టి ఉండమన్నారు. ఖాళీ హాస్టల్లో 34 మందిమే. ఆ మూడు నాలుగు రోజులు రాజ్యం మాదే. 22న జనతా కర్ఫ్యూ, సాయంత్రం గంటెలు, పళ్ళేలు మోగించాం, ఎందుకో తెలీకుండానే. మర్నాడు మమ్మల్ని కూడా వెళ్ళిపొమ్మన్నారు. బస్సులు లేవు. దొరికిన ఆటోలు రెట్టింపు అడిగాయి. ఆ 1,020 రూపాయలూ ఆటోలకి అయిపోయాయి. ఆటో వెళ్ళని దారివాళ్ళు నడిచారు. "రెండు వారాల్లో వచ్చేస్తాం కదా" అని పెట్టెలు అక్కడే వదిలేశాం. ఎవరూ ఎవరినీ పట్టుకుని ఏడవలేదు. ఏడవాల్సిన సంగతి అని తెలిస్తే కదా.

ఆ వేసవి గురించి మన గ్రూపులో ఎవరూ రాయలేదు, అందుకే కొంచెం రాస్తాం.

సంతలు ఆగిపోయాయి. పసుపు ఆరబెట్టి మూటలు కట్టి ఇంట్లో పెట్టారు, కొనేవాడు లేడు. చింతపండు అలాగే. ఏప్రిల్‌లో ఇటుకల పండగొచ్చింది. ఆ పండక్కి దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చే పోయేవాళ్ళని ఆపి డబ్బులు అడిగే సరదా మన ఆడవాళ్ళది. ఆ ఏడు కూడా ఊరి మొదట్లో దారికి అడ్డంగా దుంగ పెట్టారు, కానీ బయటివాళ్ళని రానివ్వకుండా. పదో తరగతివాళ్ళకి దూరదర్శన్ సప్తగిరిలో "విద్యామృతం" అని పాఠాలు వస్తాయని ఎవరో చెప్పారు. మాలో ఒకరి ఊళ్ళో డిష్షు ఉన్న ఇళ్ళు రెండు. ఒక ఇంట్లో రీచార్జి అయిపోయింది, రెండో ఇంటివాళ్ళు వేరే ఇంటి పిల్లల్ని లోపలికి రానివ్వడానికి భయపడ్డారు, కరోనా కదా. వాళ్ళ తప్పేం లేదు. ఫోన్ సిగ్నల్ కావాలంటే కొండెక్కాలి. కొండ మీద ఒక బండ ఉంటుంది, ఆ బండ మీద ఫలానా మూల నిలబడితేనే రెండు గీతలొస్తాయి. మన ఊళ్ళన్నిట్లో అలాంటి బండ ఒకటి ఉంటుంది. వార్తలన్నీ ఆ బండ మీంచే దిగేవి.

పరీక్షలు జులై 10 నుంచి, 11 పేపర్లు బదులు 6 అన్నారు. మళ్ళీ పుస్తకాలు తీశాం. పుస్తకాలు పెట్టెల్లో ఉన్నవాళ్ళు తీయడానికీ లేదు. జూన్ 20న పరీక్షలే రద్దు, అందరూ పాస్ అన్నారు. మాలో కొందరికి ఆ కబురు వారం తర్వాత తెలిసింది.

"రాయకుండా పాసయ్యారు, అదృష్టవంతులు" అని ఈ ఐదేళ్ళలో మాతో అననివాళ్ళు లేరు. వైజాగ్ వచ్చాక మరీ. క్లాసులో మైదానం అమ్మాయిలు "మీది కరోనా పాస్ కదా" అంటారు, తమది కూడా అదే అయ్యుండి. దీని గురించి మాలో మేమే చాలాసార్లు వాదించుకున్నాం. మా మాట ఏంటంటే, పరీక్ష లేకపోవడం వల్ల మాకు జరిగిన నష్టం పెద్దదేం కాదు. నిజం చెప్పాలంటే మాలో ఐదారుగురికి లెక్కలు, ఇంగ్లీషు గట్టెక్కేవి కావు. వాళ్ళలో ఒకత్తి ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది, సూది మందు ఇస్తే నొప్పి తెలీదని వాళ్ళ సీనియర్లే అంటారట. ఆ జులైలో పేపర్ పెట్టుంటే అది ఫెయిలయ్యేది, ఫెయిలైన ఆడపిల్లని రెండోసారి ఎవరు పంపుతారు? మొదట ఇచ్చిన మెమోలో పాస్ అని తప్ప మార్కులు లేవు, దానితో తిప్పలు పడ్డాం. 2021 ఆగస్టులో మా తర్వాతి బ్యాచ్‌తో పాటు మాకూ, బడిలో పెట్టిన ఫార్మేటివ్, సమ్మేటివ్ పరీక్షలని బట్టి గ్రేడ్లు ఇచ్చారు. ఏదోలా సర్దుకుంది.

అసలు నష్టం పరీక్షది కాదు. ఖాళీది. మార్చిలో బయటకొచ్చిన మేం మళ్ళీ ఒక క్లాసురూములో కూర్చునేసరికి 2021 సంక్రాంతి దాటింది. ఇంటర్ ఫస్టియర్ క్లాసులు జనవరిలో మొదలయ్యాయి. పది నెలలు. ఊళ్ళో పదిహేనేళ్ళ ఆడపిల్ల పది నెలలు ఇంట్లో ఉంటే ఏమవుతుందో ఈ గ్రూపులో ఎవరికి తెలీదు? పసుపు అమ్ముడుపోలేదు, చేతిలో డబ్బు లేదు, కాలేజీ తెరుస్తారో తెరవరో తెలీదు. అడగడానికి మనుషులొచ్చారు. ఆ పది నెలల్లో మాలో ఐదుగురికి పెళ్ళిళ్ళు అయిపోయాయి. అమ్మానాన్నల్ని తిట్టడానికి ఇది రాయట్లేదు. వాళ్ళకి బడి అంటే గేటు. గేటు తెరిచి ఉన్నంతకాలం పిల్ల లోపల ఉంది, మూసేస్తే ఇంటికొచ్చింది. గేటు మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో చెప్పడానికి కొండెక్కి ఎవరూ రాలేదు.

లెక్కల్లో ఫస్టు అమ్మాయి ఆ ఐదుగురిలో ఉంది.

మిగిలినవాళ్ళం పాడేరు, అరకు కాలేజీల్లో చేరాం. మూడు నెలలు కాకముందే రెండో వేవ్, మళ్ళీ ఇళ్ళకి. ఫస్టియర్ పరీక్షలూ రద్దు. మాలో ఎక్కువమంది హాల్ టికెట్ పట్టుకుని పబ్లిక్ పరీక్ష రాసింది మొదటిసారి 2022 మేలో, ఇంటర్ సెకండియర్‌ది. ఆ పొద్దున్న చేతులు ఎలా వణికాయో. మిగతా పిల్లలందరికీ పదిలో అయిపోయే వణుకు అది.

ఇంకో సంగతి ఉంది. ఇది మా బ్యాచ్‌దే కాదు, మీ అందరిదీ.

ఒకటో తరగతిలో మాలో చాలామందికి తెలుగు రాదు. "నీళ్ళు" అంటే తెలీదు, "పానీ" అంటే తెలుసు. కొన్ని ఊళ్ళలో మన భాషల్లో వాచకాలు ఉండేవి, ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలుపెట్టిన కార్యక్రమంలో వచ్చినవి. అవి ఉన్నచోట ఉన్నాయి, లేనిచోట లేవు. లేనిచోట మమ్మల్ని బతికించింది మాస్టారు. మాలో ముగ్గురు ఒకే ఊరి పిల్లలం, మా మాస్టారు పక్క ఊరాయన, మన మనిషి. పలక మీద "ప" రాసి ముందు మా భాషలో పానీ అనేవారు, తర్వాత తెలుగులో పలక అనేవారు. ఆయన జీవో 3 మీద వచ్చిన టీచరు. 2000 జనవరి 10న వచ్చిన జీవో అది, షెడ్యూల్డ్ ఏరియాలో టీచరు పోస్టులు నూటికి నూరు శాతం స్థానిక గిరిజనులకే, అందులో మూడో వంతు ఆడవాళ్ళకి. తొమ్మిదిలో ఉన్నప్పుడు "పెద్దయ్యాక ఏమవుతారు" అని మేడం అడిగితే 34 మందిలో 19 మంది టీచర్ అన్నాం. వేరే ఉద్యోగం చేసే ఆడమనిషిని చూసింది తక్కువ, ఏఎన్ఎం అక్క, అంగన్‌వాడీ అమ్మ తప్ప. టీచరు మాత్రం కళ్ళముందు ఉంది, అదీ మన ఊరిది.

ఆ జీవోని సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచి కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి కుదరదని. ఎప్పుడో తెలుసా? 2020 ఏప్రిల్ 22న. అంటే మేం కొండ మీద బండెక్కి పరీక్ష ఎప్పుడని అడుగుతున్న నెలలోనే. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలు పోలేదు, మా మాస్టారు ఉన్నారు. మా వెనక వచ్చేవాళ్ళకి ఆ తలుపు మూసుకుంది. మాకు తెలిసింది ఇంటర్‌లో చేరాక, బంద్ అని కాలేజీ లేని రోజు, "ఎందుకు బంద్?" అని అడిగితే. 2025లో మెగా డీఎస్సీ 16,347 పోస్టులన్నారు, మన సీనియర్ అక్కలు లైబ్రరీలో కూర్చుని చదివారు. అందులో ఏజెన్సీ పోస్టులు ఎవరికి, ఎంత అన్నది మన సంఘాలు అడిగాయి, అడగాలి. తీర్పు మీద లాయర్లు చాలా మాట్లాడతారు, మాకు అంత తెలీదు. ఒకటో తరగతిలో పానీ అన్న పిల్లకి పానీ అంటే అర్థమయ్యే మనిషి ఎదురుగా ఉండాలి. అది మాకు తెలుసు.

ఇప్పుడు లెక్క. 34లో డిగ్రీ చదువుతున్నవాళ్ళం 9 మంది, మా ఇళ్ళల్లో కాలేజీ మెట్టెక్కిన మొదటివాళ్ళం మేమే. నర్సింగ్ 4. అచ్యుతాపురం బట్టల కంపెనీల్లో కుట్టు పని 3. పెళ్ళయి ఊళ్ళో ఉన్నవాళ్ళు 11. జాడ తెలియనివాళ్ళు 7. చదువుతున్నవాళ్ళే గెలిచినట్టు, ఊళ్ళో ఉన్నవాళ్ళు ఓడినట్టు చెప్పడం లేదు. ఊళ్ళో ఉన్నవాళ్ళలో ఒకత్తి మహిళా సంఘం లెక్కలన్నీ రాస్తుంది, బ్యాంకుకెళ్ళి మేనేజరుతో మాట్లాడుతుంది. మాకు ఇప్పటికీ బ్యాంకులో చలానా నింపాలంటే దానికే ఫోన్ చెయ్యాలి.

పోయిన జనవరిలో మాలో ఇద్దరం సంక్రాంతికి వచ్చినప్పుడు బడికి వెళ్ళాం. ఏదో కాగితం కోసం. ఆఫీసులో సారు బీరువా తీసి, "మీ బ్యాచ్‌వి ఇంకా ఉన్నాయమ్మా" అని ఒక కవరు బయట పెట్టారు. టీసీలు, గ్రేడ్లు వేసిన మెమోలు. 13 మందివి. వాళ్ళు ఎప్పుడూ రాలేదు, తీసుకోలేదు. అప్పటి నుంచి ఆ కవర్లో ఉన్నాయి. పైన ఉన్నది లెక్కల్లో ఫస్టు అమ్మాయిది.

మేం తీసుకెళ్తామంటే కుదరదన్నారు, ఎవరిది వాళ్ళే వచ్చి సంతకం పెట్టాలి. అది మంచిదేలెండి. ఆ సాయంత్రమే దాని ఊరు వెళ్ళాం. కాఫీ తోటలో ఉంది, నడుముకి బుట్ట, పెద్దపిల్లకి మూడేళ్ళు. చెప్తే నవ్వింది. "ఇప్పుడది ఏటి చేసుకోనే? కాఫీ మొక్కలకి సూపించాలా?" అంది. టీ ఇచ్చింది, మిరియాలు కట్టిచ్చింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి ఫోన్ చేసింది. సిగ్నల్ తెగుతోంది, బండ మీదుందని అర్థమైంది. "ఓపెన్ ఇంటర్ కట్టాలంటే ఏటేటి కావాలి?" అని అడిగింది. పది మెమో, టీసీ, ఆధార్, ఫొటోలు అని చెప్పాం. కాసేపు ఏం మాట్లాడలేదు. "మా ఆయన ఒప్పుకున్నాడు. అత్తకి ఇంకా సెప్పలేదు" అంది.

అందుకని ఏప్రిల్ రెండో వారంలో, పెదబయలు సంత రోజు, మేమందరం బడి దగ్గర కలుద్దామనుకున్నాం. సంతకి ఎలాగూ దిగుతారు, ఇటుకల పండక్కి పుట్టింటికి వచ్చేవాళ్ళూ ఉంటారు, బడికి వేసవి సెలవులు ఇంకా ఇవ్వరు. పార్టీ ఏం లేదు. 30 రూపాయలు మళ్ళీ వేసుకుంటున్నాం, అది ఫొటోకి, టీకి.

మీతో పని ఇదీ. జాడ లేని ఏడుగురిలో ఇద్దరిది జామిగూడ వైపు, ఇద్దరిది గిన్నెలకోట వైపు, ఒకరిది ఇంజరి వైపు. ఇద్దరు పెళ్ళై ఒడిశా సరిహద్దు దాటి వెళ్ళారు. ఆడపిల్లలు కదా, పేర్లు ఇక్కడ పెట్టం. ఆ వైపు ఊళ్ళవాళ్ళు, 2020లో పెదబయలు మండలంలో పది చదివిన అక్కో, వదినో, చెల్లో మీ ఇంట్లో, మీ వీధిలో ఉంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి, ఏ బడో చూసి చెప్తాం. మా బడి కాకపోయినా పర్వాలేదు, తను టీసీ, మెమో తీసుకుందో లేదో ఒక్కసారి అడగండి. వేరే బళ్ళ బీరువాల్లోనూ ఇలాంటి కవర్లు ఉండే ఉంటాయి.

వచ్చేవాళ్ళు ఆధార్ జిరాక్స్, రెండు పాస్‌పోర్ట్ ఫొటోలు తెచ్చుకోండి. పిల్లల్ని తీసుకురండి, చూసుకోవడానికి మేం ఉన్నాం. పొద్దున్న పదింటి నుంచి గేటు దగ్గరే ఉంటాం. ఆఫీసు సారు మూడింటిదాకా ఉంటానన్నారు.